సాల్వెంట్ ప్రింటు తొందరగా ఆరాలంటే: ఫ్యానా, హీటరా, మేడ మీది ఎండా?

చెన్నై మాధవరంలో నెల్లూరు బస్సు ఎక్కాల్సిన పార్టీ (ఆర్డరిచ్చినవాడు) ప్రింటింగ్ షాపులో కూర్చుని గడియారం చూస్తుంటాడు. మిషన్ మీద పదడుగుల ఫ్లెక్సు ఇంకా తడితడిగా వేలాడుతూ ఉంటుంది. అలాంటప్పుడు చేతికి ఏది దొరికితే అది వాడేస్తారు: పెడస్టల్ ఫ్యాను, హెయిర్ డ్రయర్, ఫోటో స్టూడియోల్లో వాడే హాలోజన్ లైటు, ఏదీ లేకపోతే మేడ మీది ఎండ. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కొన్ని పనిచేసినట్టు కనిపించి మర్నాడు పార్టీ చేత ఫోన్ చేయిస్తాయి. ఒకటి రెండు షాపునే తగలబెట్టగలవు.

ఏది ఎంచుకోవాలో తేల్చుకునే ముందు, అసలు ఇంకు ఎలా ఆరుతుందో ఒకసారి చూడాలి. లేదంటే పోలికకి అర్థం ఉండదు.

ఆరడంలో రెండు దశలు

ప్రింటు పడగానే పైన తడిగా ఉన్న సాల్వెంటు (ఇంకులో రంగును కరిగించి ఉంచే ద్రావకం) గాలిలోకి పోవడం మొదటి దశ. ఇది నిమిషాల్లో అయ్యే పని. ఇక్కడ వేడి కన్నా గాలి కదలిక ఎక్కువ సాయం చేస్తుంది. ప్రింటు మీద పల్చటి ఆవిరి పొర ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని తోసేస్తేనే కింది తడి పైకి వస్తుంది. వేలికి అంటుకోవడం ఆగిందంటే ఈ దశ అయిపోయినట్టే.

రెండో దశ కంటికి కనిపించదు. సాల్వెంటు వినైల్‌ను (స్టిక్కర్లకు వాడే ప్లాస్టిక్ షీటు) కాస్త మెత్తబరిచి లోపలికి దిగుతుంది. ఇంకు గట్టిగా పట్టుకునేదే అందువల్ల. అలా దిగిన సాల్వెంటు మళ్లీ బయటికి రావడానికి గంటలు పడుతుంది, ముదురు రంగులైతే రోజు దాటుతుంది. అది పూర్తిగా పోకముందే కోల్డ్ లామినేషన్ (ప్రింటు మీద అతికించే పారదర్శకమైన పొర) వేస్తే లోపల తెల్లటి చుక్కలు, బుడగలు వస్తాయి. స్టిక్కర్లు కత్తిరించే ప్లాటర్‌లో కట్ చేస్తే అంచులు లేస్తాయి. గమ్ము మెత్తబడి స్టిక్కర్ గోడ మీద కుంచించుకుపోతుంది. ఈ దశలో ఫ్యాను ఎంత జోరుగా తిప్పినా పెద్ద తేడా రాదు. కావాల్సింది కాలం, గోరువెచ్చటి గది, ప్రింటు ముఖం గాలికి తెరుచుకుని ఉండటం.

షాపుల్లో పాడయ్యే ప్రింట్లలో చాలావరకు ఇక్కడే పాడవుతాయి. మొదటి దశకి పనికొచ్చే సాధనంతో రెండో దశ కూడా అయిపోయిందనుకుంటారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అడగాల్సిన ప్రశ్నలు ఇవి: ఆ పద్ధతి ఏ దశకి పనికొస్తుంది? మీ మీడియా (ప్రింటు వేసే ఫ్లెక్సు, వినైల్ లాంటివి) ఆ వేడిని తట్టుకుంటుందా? ఇంకు చిమ్మే హెడ్ మీద గాలి పడి నాజిల్స్ (దాని సన్నటి రంధ్రాలు) ఆరిపోతాయా? తడి ప్రింటు మీద దుమ్ము పడుతుందా? అన్నిటికన్నా ముందు, నిప్పు అంటుకునే వీలుందా?

చివరి ప్రశ్నకి జవాబు మీ ఇంకును బట్టి మారుతుంది. పదడుగుల ఫ్లెక్సు మిషన్లలో వాడే ఘాటు సాల్వెంట్ ఇంకుల్లో సైక్లోహెక్సనోన్ ఎక్కువగా ఉంటుంది. దాని ఫ్లాష్ పాయింట్ సుమారు 44 డిగ్రీలు. అంటే ఆ వేడి దగ్గర దాని ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మే నెల మధ్యాహ్నం చెన్నైలో రేకుల షెడ్డు లోపలి వేడి ఎంతుంటుందో మీకు తెలుసు. అక్కడి నుంచి 44కి ఎంతో దూరం లేదు. ఐదడుగుల ఎకో సాల్వెంట్ మిషన్లలో ఉండేవి ఎక్కువగా గ్లైకాల్ ఈథర్ జాతివి. వాటి ఫ్లాష్ పాయింట్ సాధారణంగా 60 పైన ఉంటుంది, మరిగే వేడి 180 నుంచి 200 ప్రాంతం. కాస్త భద్రం, కానీ సహజంగానే మెల్లగా ఆరుతాయి. మిషన్‌కే హీటర్లు పెట్టి అమ్మేది అందుకే.

| పద్ధతి | మొదటి దశకి | రెండో దశకి | ప్రధానమైన ఇబ్బంది |
|---|---|---|---|
| ఇంకు తగ్గించి ప్రింటు తీయడం | బాగా | బాగా | ముదురు రంగు కాస్త తగ్గొచ్చు, వేగం తగ్గుతుంది |
| చిన్న ఫ్యాన్ల పట్టీ | చాలా బాగా | కొద్దిగా | గాలి హెడ్ వైపు పోతే నాజిల్స్ పోతాయి |
| మిషన్ హీటరు పెంచడం | బాగా | కొంత | మీడియా అలలు తేలుతుంది |
| హెయిర్ డ్రయర్ | చిన్న చోటుకి | లేదు | పైపొర ముందే గట్టిపడుతుంది, కాయిల్ నిప్పు |
| హాలోజన్ లైట్లు | అసమానంగా | కొద్దిగా | నిప్పు |
| మేడ మీద ఎండ | ఫ్లెక్సుకి బాగా | ఫ్లెక్సుకి కొంత | దుమ్ము, వినైల్ పాడవడం |
| నిలబెట్టిన వదులు రోలు | అవసరం లేదు | చాలా బాగా | చోటు, ఒక రాత్రి సమయం |

ముందు ఇంకు తగ్గించండి

దీన్ని ఆరబెట్టే పద్ధతుల్లో ఎవరూ లెక్కపెట్టరు. నిజానికి మొదట చూడాల్సింది ఇదే, పైసా ఖర్చు లేదు. నాలుగు రంగులూ నిండుగా పడితే మొత్తం ఇంకు 400 శాతం. ఫ్లెక్సుకైనా వినైల్‌కైనా అంత అక్కర్లేదు. డిజైన్‌ను మిషన్‌కి పంపే రిప్ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఇంకు పరిమితిని 240 ప్రాంతానికి దించి ఒక అడుగు ముక్క తీసి చూడండి. నలుపు పేలవంగా కనిపిస్తే 260కి పెంచండి. డిజైన్‌లో నల్లటి బ్యాక్‌గ్రౌండ్ నాలుగు రంగులతో కలిపి చేసి ఉంటే, దాన్ని నలుపు ఇంకుకి కాస్త సయాన్ మాత్రమే కలిపిన నలుపుగా మార్చండి. ఎప్పుడూ ఆలస్యంగా ఆరేది ఆ నల్లటి పట్టీయే. పుట్టినరోజు ఫ్లెక్సులో నాయకుడి ఫోటో వెనకాల ముదురు ఎరుపు, ముదురు నీలం పోసే అలవాటు కూడా ఇలాంటిదే.

రెండోది పాస్‌లు, అంటే ఒకే చోటు మీదుగా హెడ్ ఎన్నిసార్లు తిరుగుతుందన్నది. 4 పాస్ నుంచి 6కో 8కో వెళ్తే మీడియా హీటరు మీద ఎక్కువసేపు ఉంటుంది, ఒక పొర కాస్త ఆరాక ఇంకో పొర పడుతుంది. ప్రింటు టైము పెరుగుతుంది నిజమే. కానీ ప్రింటు అయ్యాక ముప్పావుగంట ఊదుతూ కూర్చునే బాధ తగ్గుతుంది. మొత్తం లెక్కేస్తే చాలాసార్లు ఇదే తొందరగా తేలుతుంది.

ఫ్యాన్ల పట్టీ: ఇంట్లో చేసుకునేవాటిలో మొదటి ఓటు దీనికే

పెడస్టల్ ఫ్యాను పక్కనుంచి ఊదితే ఒక అంచు ఆరుతుంది, రెండో అంచు తడిగానే ఉంటుంది. వేలాడే మీడియా తెరచాపలా ఊగుతుంది, కింద దుమ్మంతా లేస్తుంది. అన్నిటికీ మించి ఆ గాలి హెడ్‌ను మోసే క్యారేజ్ కిందికి దూరితే మీడియా అంచు లేచి హెడ్‌కి తగులుతుంది. హెడ్ ధర తలచుకుంటే ఈ లెక్క చెప్పక్కర్లేదు.

దానికి బదులు చిన్న ఫ్యాన్లను వరసగా బిగించిన పట్టీ చేసుకోండి. ఐదడుగుల మిషన్‌కి కావాల్సినవి: కంప్యూటర్ క్యాబినెట్లలో ఉండే 120 మిల్లీమీటర్ల, 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు 8, ఒక అంగుళం అల్యూమినియం యాంగిల్ ఐదుంపావు అడుగులు, 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటును డీసీగా మార్చే పవర్ సప్లై) ఒకటి, వేగం తగ్గించుకోవడానికి ఒక డీసీ రెగ్యులేటర్. చెన్నైలో ఇవన్నీ రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డులో. ఒక్కో ఫ్యాను 0.3 ఆంపియర్ లాగినా ఎనిమిదికీ 2.4 ఆంపియర్లే, అంటే 30 వాట్లు కూడా కాదు. ఒక మామూలు హెయిర్ డ్రయర్ 1,200 వాట్లు తింటుంది. ఈ ఫ్యాన్లలో కార్బన్ బ్రష్ ఉండదు కాబట్టి మోటారులో రవ్వలు రావు. సాల్వెంట్ ఆవిరి దగ్గర ఇది చిన్న విషయం కాదు.

బిగించే తీరులోనే అసలు పని ఉంది. ఫ్యాను మధ్యనుంచి ఇంకో ఫ్యాను మధ్యకి 20 సెంటీమీటర్లు వదిలి, అన్నిటినీ పారలల్‌గా కలపండి. పట్టీని మిషన్ ముందు వంపు హీటరు దిగువ అంచుకి ఎదురుగా, మీడియాకి జానెడు దూరంలో పెట్టండి. ఫ్యాన్ల ముఖం నేల వైపు 30 నుంచి 45 డిగ్రీలు వాలి ఉండాలి. గాలి ప్రింటును రాసుకుంటూ కిందికి జారిపోవాలి. ఒక్క పిసరు కూడా పైకి, హెడ్ వైపు వెళ్లకూడదు. చూసుకోవడానికి సులువైన మార్గం, క్యారేజ్ ముందర పల్చటి టిష్యూ ముక్కను వేలాడదీయండి. అది కదిలితే వాలు సరిపోలేదన్నమాట. వేలాడే మీడియా ఊగకుండా కింది అంచున తేలికపాటి పీవీసీ పైపు క్లిప్పులతో తగిలించండి. ఎస్‌ఎంపీఎస్‌నీ స్విచ్‌నీ మిషన్ పక్కన కాకుండా గోడ మీద ఎత్తులో పెట్టండి.

ఫ్యాన్లు పెట్టిన తర్వాత నాజిల్ చెక్‌లో (నాజిల్స్ పనిచేస్తున్నాయో చూసే పరీక్ష ప్రింటు) గీతలు తెగడం మొదలైతే ముందు ఫ్యాన్లు ఆపి మళ్లీ చెక్ తీయండి. తెగడం ఆగితే తప్పు గాలిది. ఊరికే హెడ్ క్లీనింగ్‌లు కొట్టి ఇంకు పారబోసుకోవద్దు.

మిషన్ హీటరు పెంచడం

ఎకో సాల్వెంట్ మిషన్లలో సాధారణంగా ప్రింటుకి ముందు మీడియాను వేడిచేసే హీటరు 35–40, ప్రింటు హీటరు 38–45, ప్రింటయ్యాక ఆరబెట్టే వంపు హీటరు 45–55 డిగ్రీల మధ్య పెడతారు. తొందర ఉంటే పెంచాల్సింది ఈ చివరిదే. ప్రింటు హీటరు జోలికి వెళ్తే చుక్క విస్తరించే తీరు మారి రంగు మారుతుంది, నాజిల్ దగ్గర ఇంకు ఆరుతుంది. మూడేసి డిగ్రీల చొప్పున పెంచి, ప్రతిసారీ అడుగు ముక్క చూడండి. మీడియా అంచుల్లో అలలు కనిపించగానే ఆగి మూడు డిగ్రీలు వెనక్కి రండి. పల్చటి ఫ్లెక్సుకి ఆ హద్దు వినైల్ కన్నా ముందే వస్తుంది.

గాలి లేని వేడి సగం దండగ. హీటరు పది డిగ్రీలు పెంచడం కన్నా, ఐదు పెంచి ఫ్యాన్ల పట్టీని సగం వేగంలో తిప్పడం మంచిది.

బెంగళూరులో డిసెంబరు, జనవరి పొద్దున్నే మొదటి ప్రింట్లు ఆరవు. కారణం రోలు రాత్రంతా చల్లబడి ఉండటం. హీటర్లు ఆన్ చేసి రోలు లోడ్ చేసి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే చాలు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో కథ. వానల్లో ఆరకపోతే తేమ మీద నెపం వేస్తారు. నీళ్ల ఇంకులా సాల్వెంట్ ఇంకుకి గాలిలో తేమ అంత అడ్డు కాదు. జల్లు కొడుతోందని షట్టరు దించేస్తారు, గదంతా సాల్వెంట్ ఆవిరితో నిండుతుంది, ఇక ప్రింటు నుంచి ఆవిరి పోయేదెక్కడికి? తేమ చెడగొట్టేది వినైల్ వెనకాల కాగితాన్ని. అది ఉబ్బి రోలు అంచులు ముడుచుకుంటాయి. ఏసీ వేసినా స్ప్లిట్ ఏసీ అదే గాలిని తిప్పుతుంది తప్ప ఆవిరిని బయటికి పంపదు.

హెయిర్ డ్రయర్, హీట్ గన్

వేలెడంత మరక, మూల మీద ఆరని చుక్క, ఐలెట్ (తాడు కట్టే రింగు) కొట్టాల్సిన చోటు: హెయిర్ డ్రయర్ అంతవరకే. అదీ ఎకో సాల్వెంట్‌కి మాత్రమే, తలుపులు తీసి, ప్రింటును మిషన్ నుంచి దూరంగా తెచ్చుకున్నాక. లోపల ఎర్రగా కాలే కాయిల్ ఉంటుంది. ఘాటు సాల్వెంట్ తడి మీద దాన్ని పట్టడం అంటే కోరి కొరివి తెచ్చుకోవడమే.

చదరపు అడుగుల కొద్దీ ఊదితే ఇంకో నష్టం. పాల మీద మీగడ కట్టినట్టు పైపొర ముందే గట్టిపడి, కింది సాల్వెంటు లోపలే ఇరుక్కుంటుంది. వేలికి అంటదు కాబట్టి ఆరిందనిపిస్తుంది. రెండు రోజులకి లామినేషన్ కింద బుడగలు లేస్తాయి. హీట్ గన్ గాలి కొన్ని వందల డిగ్రీల్లో ఉంటుంది. దాని పని వాహనాల మీద వినైల్ అతికించేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు కాదు.

హాలోజన్ లైట్లు, మూసిన పెట్టెలు

ఈ రెండూ వద్దు. సైక్లోహెక్సనోన్ ఆవిరి తనంతట తాను అంటుకునే వేడి సుమారు 420 డిగ్రీలు. వెలిగే హాలోజన్ గొట్టం పైభాగం అంత వేడికి చేరగలదు. అంటే రవ్వ కూడా అక్కర్లేదు. గాలిలో ఆ ఆవిరి 1.1 శాతం ఉన్నా మండగలదు. జీఐ రేకుతో పెట్టె చేసి లోపల రూమ్ హీటర్ పెట్టే ఉపాయం చూడటానికి ఫ్యాక్టరీ ఓవెన్‌లా ఉంటుంది. ఫ్యాక్టరీ ఓవెన్‌లో ఆవిరిని ఎప్పటికప్పుడు లాగేసే ఎగ్జాస్ట్, అది ఆగితే హీటరు కూడా ఆగే ఏర్పాటు ఉంటాయి. ఇంటి పెట్టెలో అవి ఉండవు.

ఇంకులో ఎన్‌సీ థిన్నరో అసిటోనో కలిపితే త్వరగా ఆరుతుందనే సలహా కూడా వినిపిస్తుంటుంది. ఆరేది ప్రింటు కాదు, నాజిల్. హెడ్‌కి ఇంకు అందించే డ్యాంపర్లు, గొట్టాలు కూడా దెబ్బతింటాయి.

ఎండ

ఫ్లెక్సుకి చెన్నై ఎండ మంచి నేస్తమే. తీగ మీద ప్రింటు ముఖం బయటికి ఉండేలా అరగంట వేలాడదీస్తే మొదటి దశ పూర్తవుతుంది, వాసన కూడా చాలా తగ్గుతుంది. మేడ నేల మీద పరచొద్దు. కాలిన కాంక్రీటు ఫ్లెక్సును సాగదీస్తుంది, దుమ్ము అంటుతుంది. పెద్ద రోడ్డు పక్క మేడైతే వేలాడదీసినా దుమ్ము తప్పదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక కింద పైపు కట్టకపోతే మడతలు పడతాయి.

స్టిక్కర్ వినైల్‌ని మాత్రం ఎండలో పెట్టొద్దు. గమ్ము మెత్తబడుతుంది, వెనక కాగితం ఎండిపోయి ముడుచుకుంటుంది, తర్వాత ప్లాటర్‌లో తిన్నగా నడవదు.

నిలబెట్టిన వదులు రోలు

రెండో దశకి ఇంతకు మించినది లేదు. ప్రింటయిన వినైల్‌ని టేక్-అప్ (ప్రింటును చుట్టుకునే రోలరు) మీద బిగుతుగా చుట్టి అలాగే వదిలేయడం చాలా షాపుల్లో మామూలు. సాల్వెంటు పోవడానికి దారే ఉండదు. దానికి బదులు, పొరకీ పొరకీ మధ్య వేలు దూరేంత వదులుగా, ప్రింటు ముఖం బయటికి ఉండేలా చుట్టి, రోలును నిలువుగా నిలబెట్టండి.

కింద ఒక పీట కావాలి. 18 అంగుళాల చదరం ప్లైవుడ్‌కి మధ్యలో 10 అంగుళాల రంధ్రం, నాలుగు మూలలా 6 అంగుళాల కాళ్లు. రంధ్రం కింద 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లే నాలుగు, పైకి ఊదేలా. పైన ప్లాస్టిక్ జాలీ. జాలీ గళ్లు వినైల్ అంచును నొక్కకుండా రోలు కింద రెండు మూడు అట్ట పట్టీలు అడ్డంగా వేయండి. రాత్రి పెట్టి పొద్దున చూడండి. లామినేషన్‌కి ముందు కనీసం 24 గంటలన్నది మీడియా తయారీదారులు మామూలుగా చెప్పే మాట. ముదురు రంగులు, వాహనాల మీద వేసే రాప్ అయితే 48 పెట్టుకోండి. పీట ఉంది కదా అని ఈ గడువు కోసేయొద్దు. పీట చేసే పని ఆ 24 గంటలు నిజంగా ఉపయోగపడేలా చూడటం.

ఆరిందో లేదో తేల్చడానికి వేలు చాలదు. రోలు మధ్యలోకి ముక్కు పెట్టి చూడండి. ఘాటు వాసన ఉంటే ఇంకా ఉంది. ఇంకో పరీక్ష: ముదురు రంగున్న వేస్టు ముక్కను ప్రింటు ముఖాలు కలిసేలా మడిచి, పైన లీటరు నీళ్ల సీసా పది నిమిషాలు పెట్టండి. విప్పేటప్పుడు చిటచిటమంటే లామినేషన్ వాయిదా వేయండి.

మీ పని ఏదైతే మీ ఎంపిక అది

ఫ్లెక్సు మాత్రమే చేసే షాపు, పార్టీ ఎదురుగా కూర్చునే వ్యాపారం: ఇంకు పరిమితి, ఫ్యాన్ల పట్టీ, పగలైతే అరగంట ఎండ. రెండో దశ గురించి మీకు పెద్ద బెంగ అక్కర్లేదు, ఫ్లెక్సు వీధిలో వేలాడుతూ మిగతాది తానే ఆరుతుంది.

వినైల్, సన్‌బోర్డు (ప్రింటు అతికించే ఫోమ్ షీటు), లామినేషన్ చేసేవాళ్లు: డబ్బు ముందు పీట మీద పెట్టండి, తర్వాత ఫ్యాన్ల పట్టీ. ఈరోజే కావాలనే పార్టీకి లామినేషన్ లేకుండా ఇస్తానని చెప్పడం, లామినేషన్ వేసి రేపు తిట్లు తినడం కన్నా నయం.

వన్ వే విజన్ (అద్దాలకు అతికించే చిల్లుల వినైల్) చేసేవాళ్లకి ఊదే గాలి తగ్గించాలి. రంధ్రాల్లోంచి గాలి దూరి వెనక కాగితాన్ని విడదీస్తుంది. రెగ్యులేటర్‌ని మూడో వంతుకి దించి, పాస్‌లు పెంచుకోండి.

ఇంటి ముందు గదిలో ఎకో సాల్వెంట్ మిషన్ పెట్టుకున్నవాళ్లు అన్నిటికన్నా ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను కొనాలి. దాన్ని వంటింట్లోలా పైకప్పు దగ్గర పెడితే ఉపయోగం తక్కువ. సాల్వెంట్ ఆవిరి గాలి కన్నా బరువు. సైక్లోహెక్సనోన్‌దైతే మూడు రెట్లకు పైనే. నేల నుంచి అడుగు ఎత్తులో ఎగ్జాస్ట్, ఎదురు గోడ మీద పైన కిటికీ తెరిచి ఉంటే గాలి గది మొత్తం దాటి వెళ్తుంది. అదే గదిలో పిల్లలు పడుకునే పక్కగానీ దేవుడి దీపంగానీ ఉండకూడదు. గుడ్డ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి కానీ ఈ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి. నిప్పు ఆర్పే పొడి రకం సిలిండర్ తలుపు పక్కన ఉంచండి, మిషన్ వెనకాల కాదు.

తడి పూర్తిగా పోకముందే ఫ్లెక్సు ఇచ్చి పంపక తప్పకపోతే మడవొద్దు. 3 అంగుళాల అట్ట గొట్టం మీద ప్రింటు బయటికి వచ్చేలా, పొరల మధ్య బ్రౌన్ పేపర్ వేసి చుట్టండి. పాలిథిన్ వేస్తే ఆవిరి లోపలే ఉండిపోయి ఇంకు దానికే అంటుకుంటుంది. దిగగానే విప్పి వేలాడదీయమని పార్టీకి గట్టిగా చెప్పి బస్సెక్కించండి.